లంక నుంచి లంకకు ఎంత దూరం?

కోనసీమలో దూరం అడిగితే కిలోమీటర్లలో చెప్పేవాళ్ళు తక్కువ. ‘పంటు దొరికితే పావుగంట’ అంటారు. సఖినేటిపల్లి రేవులో నిలబడితే అవతల నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. రేవు దాటించే ఆ పంటు తప్పిందా, రాజోలు, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు అంటూ చుట్టు తిరగాలి. ఇంత తెలిసినవాళ్ళం కూడా విమానం మాటొచ్చేసరికి లెక్క తప్పుతాం.

ఉదాహరణకు రెండు పెద్ద లంకలు తీసుకుందాం: హిందూ మహాసముద్రంలో మారిషస్, దానికి తూర్పున రోడ్రిగ్స్. మనకు మరీ పరాయి చోటు కాదులెండి. 19వ శతాబ్దంలో మన కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళిన తెలుగు కూలీలను మారిషస్‌లో ‘కోరంగీలు’ అనేవారు.

అపోహ: రెండు విమానాశ్రయాల మధ్య 600 కిలోమీటర్లే కాబట్టి ముప్పావుగంటలో దిగిపోవచ్చు.

వాస్తవం: అది జెట్ విమానం లెక్క. రోడ్రిగ్స్ రన్‌వే సుమారు 1,300 మీటర్లు. మన రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిది 3,165. అంత పొట్టి రన్‌వే మీద ఇన్నాళ్ళూ దిగుతున్నది రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ విమానమే. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లు. భాగిస్తే గంటా పన్నెండు నిమిషాలు వస్తుంది. కానీ నేల మీద పాకడం, పైకి లేవడం, వేగం తగ్గించుకుంటూ దిగడం ఇందులో లేవు. అవన్నీ కలిపితే దాదాపు గంటన్నర. రాజమండ్రి నుంచి హైదరాబాదుకు గాలిదారి 360 కిలోమీటర్లే. అయినా ఏటీఆర్ టిక్కెట్టు మీద గంటకు పైనే ఎందుకు వేస్తారో ఇప్పుడు తెలిసిందిగా!

అపోహ: పోను ఎంతో, రాను అంతే.

వాస్తవం: తెరచాప ఎత్తిన పడవవాడిని అడగండి. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురైతే ఆ 600 కిలోమీటర్లకు ఆకాశంలో 80 నిమిషాలు. అదే గాలి వెనకనుంచి తోస్తే 65.

అపోహ: ఒకచోట 323 మైళ్ళు, మరోచోట 370 మైళ్ళు అని రాశారంటే ఎవరో ఒకరు తప్పు.

వాస్తవం: ఇద్దరూ ఒప్పే. పైలట్ల మైలు 1.852 కిలోమీటర్లు, మన పాత రోడ్డు మైలు 1.609. పైలట్ల మైళ్ళను రోడ్డు మైళ్ళనుకుని లెక్కిస్తే 80 కిలోమీటర్లు సముద్రంలో కలిసిపోతాయి.

అపోహ: దిగే సమయంలోంచి ఎక్కిన సమయం తీసేస్తే ప్రయాణ కాలం.

వాస్తవం: టిక్కెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. మారిషస్, రోడ్రిగ్స్ గడియారాలు ఒకటే కాబట్టి అక్కడ చిక్కు లేదు. ముంబై నుంచి మారిషస్‌కు మాత్రం టిక్కెట్టు చూసి తీసివేత చేస్తే ఐదు గంటలు కూడా రావు. నిజానికి సీట్లో కూర్చునేది ఆరు గంటల పైనే. మారిషస్ మనకంటే గంటన్నర వెనక.

మధురపూడి నుంచి ముంబైకి నేరు విమానం 2024 డిసెంబరులో మొదలైంది. కాబట్టి మారిషస్ ప్రయాణం ఇప్పుడు కాస్త సులువు. అయితే విమానం గంటలు లెక్కపెట్టేముందు ఇంటినుంచి మధురపూడి చేరే గంటలు కూడా కలుపుకోండి. లంక దాటి రావాల్సినవాళ్ళు పంటు ఎన్నింటికో కనుక్కుని మరీ బయల్దేరండి.