పేజీ తెరుచుకోలేదా? ముందు ఎర్రర్ చదవండి

పుత్తూరులో ఒక ఇల్లు అనుకుందాం. పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసి, ఇంట్లో ఫొటోలు దాచుకునే సర్వర్‌గా వాడుకుంటున్నారు. దాని సెట్టింగులు బ్రౌజర్ నుంచే మార్చుకోవడానికి వెబ్‌మిన్ పెట్టుకున్నారు. ఓ రోజు కరెంటు పోయి వచ్చాక పేజీ తెరుచుకోలేదు. చాలామంది వెంటనే అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లయితే ఎముక ఎక్కడ విరిగిందో తడిమి చూడనిదే కట్టు కట్టరు.

జేమీ కామెరాన్ 1997లో పెర్ల్ భాషలో మొదలుపెట్టిన వెబ్‌మిన్, లోపల తనదైన చిన్న వెబ్ సర్వర్‌తో నడుస్తుంది. మామూలుగా 10000 నంబరు పోర్టులో ఉంటుంది. అడ్రసు, పోర్టు, ఎన్‌క్రిప్షన్, లాగిన్ అన్నీ దాటితేనే పేజీ కనబడుతుంది. ఎక్కడ ఆగిందో ఎర్రరే చెబుతుంది.

‘టైమ్డ్ అవుట్’ అని వస్తే అవతలి నుంచి జవాబే లేదన్నమాట. కరెంటు వచ్చాక రౌటర్ సర్వర్‌కు వేరే ఐపీ ఇచ్చి ఉండవచ్చు, నిన్నటి 192.168.1.5 ఇవాళ 192.168.1.8 కావచ్చు. రౌటర్‌లో ఆ మెషీన్‌కు ఒకే ఐపీ కేటాయిస్తే ఈ బెడద తీరుతుంది. ఫైర్‌వాల్ అడ్డుకున్నా ఇదే ఎర్రర్ రావచ్చు.

‘రిఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా మెషీన్ పలికింది కానీ ఆ పోర్టులో ఎవరూ లేరు. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ వెబ్‌మిన్’ కమాండ్‌తో సర్వీసు నడుస్తోందో లేదో తెలుస్తుంది. ‘ఎస్ఎస్’ కమాండ్ పోర్టు ఎదుట 127.0.0.1 మాత్రమే చూపిస్తే, వెబ్‌మిన్ ఆ మెషీన్‌లోంచి వచ్చే పిలుపులకే పలుకుతోంది.

అడ్రసు ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ లేకపోతే ‘బ్యాడ్ రిక్వెస్ట్’ లాంటి ఎర్రర్ రావచ్చు. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చిందంటే దాదాపు గమ్యం చేరినట్టే. ఆ సర్టిఫికెట్‌ను సర్వర్ తనకు తానే రాసుకుంది కాబట్టి బ్రౌజర్ నమ్మదు.

పాస్‌వర్డ్ దగ్గర ఆగితే, ఉబుంటులో మామూలుగా రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదని గుర్తుంచుకోండి. సుడో హక్కున్న యూజర్ పేరుతో లాగినవ్వాలి. అయినా కుదరకపోతే, వెబ్‌మిన్ ఎర్రర్ లాగ్‌లో చివరి పది వరుసలు చదవండి.

ఊళ్లో లేనప్పుడు కూడా తెరవొచ్చు కదా అని రౌటర్‌లో 10000 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకండి. వెబ్‌మిన్ 1.890 డౌన్‌లోడ్ ఫైళ్లలోనే ఎవరో దొంగదారి జొప్పించారని 2019 ఆగస్టులో బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే ఆ దారిన సర్వర్ మొత్తం చేజిక్కించుకోవచ్చు. బయటినుంచి అవసరమైతే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ వాడండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి.