పగిలిన పెంకు ఒకచోట, కారేది ఇంకోచోట. ఎందుకు?

పెంకుటింట్లో వానచుక్క మంచం మీద పడితే, సరిగ్గా దాని పైనున్న పెంకే పగిలిందనుకోకండి. లోపలికి దిగిన నీరు వాసం వెంట జారి, అడ్డు తగిలిన చోట బొట్లుగా రాలుతుంది. అందుకే పగులును తడిసిన చోటికంటే పైన, కొప్పు వైపు వెతకాలి. పట్టపగలు తలుపులు మూసి, చీకటి గదిలోంచి పైకి చూడండి. పగిలిన చోట వెలుతురు కనిపిస్తుంది.

బెంగుళూరు పెంకులు చూశారా? పేరు బెంగుళూరే అయినా, ఇలాంటివి 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పెట్టిన ఫ్యాక్టరీలో తయారయ్యాయి. పెంకు అడుగున రెండు బుడిపెలుంటాయి. అవి అడ్డంగా కొట్టిన చెక్క రీపరుకు తగులుకుంటాయి. పక్క గాడులు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. పై వరుస అంచు కింది వరుస మీదికి వస్తుంది కాబట్టి, నీరు మెట్లు దిగినట్టు చూరుదాకా పోతుంది.

ఈ అమరిక తెలిస్తే పగిలిన పెంకును మార్చడం తేలికే. పై వరుస పెంకును కొంచెం ఎత్తిపట్టి, పగిలినదాన్ని రీపరు నుంచి తప్పించి కిందికి లాగుతారు. అదే దారిలో కొత్తది ఎక్కిస్తారు. అచ్చు మాత్రం ఒకటే కావాలి, లేకపోతే గాడులు కలవవు. పగులు మీద సిమెంటు పూయడం నాకు నచ్చదు. ఎండకు పెంకూ సిమెంటూ ఒకేలా సాగవు, పూత మళ్లీ విడిపోతుంది.

పైకెక్కడం పిల్లల పని కాదు. పెంకు నడుమ కాలు వేస్తే విరుగుతుంది. పనివాళ్లు కప్పు మీద నిచ్చెన పరిచి బరువును పంచుతారు. తడి పెంకు, నాచు జారుడు. కాబట్టి ఈ పని తొలకరికి ముందే, ఎండల్లో జరగాలి. పాత అచ్చులు దొరకడం కష్టమవుతోంది. మంచి పెంకులు కొన్ని అటక మీద దాచమని ఇంట్లో చెప్పండి.