తీగ ఒకటే, దెబ్బ వేరు

గత వర్షాకాలములో మా ఇంట జరిగిన సంగతి ఇది. బట్టలారవేయడానికి వసారాలో ఇనుప తీగ కట్టుకొన్నాము. దాని పక్కగా పోయే బల్బు వైరు ఒరుసుకొని తొక్క ఊడిన సంగతి మాలో ఎవరమూ చూడలేదు. ఒక మధ్యాహ్నము మా అన్నగారు చెప్పులతో నిలిచి ఆ తీగను పట్టుకొంటే కాస్త చిమచిమలాడింది. చీమ కుట్టిందనుకొన్నారట! మర్నాడు వదినగారు వట్టి కాళ్లతో తడి చీర వేయబోయి, కేక పెట్టి వెనుకకు పడిపోయారు. పడటము వలన చేయి తీగను వదిలింది గనుక ప్రాణము దక్కింది.

తీగ ఒకటే గదా, ఇంత తేడా ఎందుకు?

మనము అన్నిటినీ "కరెంటు" అనే ఒక్క మాటతో సరిపెడతాము. నిజానికి నెట్టే ఒత్తిడి వోల్టేజి, పారేది కరెంటు, అడ్డగించేది నిరోధము. 1827లో జర్మనీ దేశస్థుడు జార్జ్ సైమన్ ఓమ్ ప్రకటించిన లెక్క ప్రకారము వోల్టులను ఓములతో భాగిస్తే పారే కరెంటు ఎన్ని ఆంపియర్లో వస్తుంది. ఇంటి లైను 230 వోల్టులు. ఎండి కాయలు కాచిన చేయి సుమారు లక్ష ఓములు అడ్డగించవచ్చు. అప్పుడు పారేది 2 మిల్లీ ఆంపియర్లకు కొంచెము ఎక్కువ. తడిసిన ఒంటికి ఆ అడ్డు వెయ్యి ఓములకు దిగవచ్చు. అప్పుడు 230 మిల్లీ ఆంపియర్లు!

అంత అక్కరే లేదు. సుమారు 10 దాటితేనే చేతి కండరములు బిగిసి, పట్టుకొన్నది విడువలేము. "కరెంటు లాగేసింది" అంటారు గాని, లాగేది మన కండలే. 50, 100 మిల్లీ ఆంపియర్లు కొద్ది క్షణములు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి వణకుతుంది, రక్తమును తోడలేదు.

ట్రాక్టరు బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు, అయినా పొడి చేతితో ముట్టితే ఏమీ కాదు. 12 వోల్టుల ఒత్తిడి చర్మమును దాటలేదు. పానా అడ్డుపడితే మాత్రము ఎర్రగా కాలుతుంది.

ఫ్యూజు ఉంది గదా అని ధైర్యపడేవారున్నారు. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణము తీసే కరెంటు దానికి లెక్కే కాదు. అది వైర్లను కాపాడేది. వెళ్లిన కరెంటుకు, తిరిగివచ్చిన కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే లైను తెంచే ఆర్.సి.సి.బి. వేరుగా దొరుకుతుంది. ఎర్తింగుతో పాటు అదీ పెట్టించుకోవాలి.

పొలములో సంగతి మరీ ఘోరము. మోటారుకు ఫేజుల నడుమ 415 వోల్టులు, కాళ్లు బురదలో, చేతులు తడిగా. అలా స్టార్టరు పెట్టె తెరవవద్దని మగవారికి ఇంటివారే గట్టిగా చెప్పాలి.

ఎవరైనా ఇంటి లైనుకు అంటుకొంటే చేయి పట్టి లాగవద్దు. ముందు మెయిను ఆపాలి. వీలుకాకపోతే పొడి చెక్క మీద నిలిచి, పొడి కర్రతో వైరును తొలగించాలి. తెగిపడిన 11,000 వోల్టుల తీగ దగ్గర కర్ర కూడా పనికిరాదు, దూరముగా నిలిచి కరెంటు ఆఫీసుకు కబురు చేయాలి.

ఆ సాయంత్రమే మేము ఇనుప తీగ విప్పేసి నైలాను తాడు కట్టాము. అయినా వదినగారు ఇప్పటికీ చీర ఆరవేయడానికి చెప్పులు తొడుక్కొనే వెళ్తారు.