పథ్యం: కోలుకుంటున్న కడుపుకు ఏమి పెట్టాలి?

ఢిల్లీ నగరపు రింగు రోడ్డు, విమానాశ్రయం మీదుగా గుర్‌గావ్ వైపు సాగిపోయే రహదారి కలుసుకునే కూడలిని ధౌలా కువాన్ అంటారు. హిందీలో ‘ధౌలా’ అంటే తెల్లనిది, ‘కువాఁ’ అంటే బావి. తెల్లబావి అనే ఈ పేరు తెలుగువారికి కొత్తగా తోచవచ్చును గాని, ఈ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉన్నది. ఆ స్థాపనకు కృషి చేసినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 2018లో ఇక్కడ ప్రారంభమైన మెట్రో స్టేషనుకు ఆమె పేరే పెట్టారు. కళాశాల ఎదుట ఉన్న సత్య నికేతన్ వీధులలో కేరళ, బెంగాల్, మణిపూర్, బీహార్, ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు పక్కపక్క గదులలో నివసిస్తూ ఉంటారు.

ఎం.ఏ. చదివే రోజులలో నేనూ ఆ వీధులలోనే ఒక చిన్న గదిలో ఉండేవాడిని. ఒక శ్రావణమాసంలో బయటి తిండి వికటించి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. “లంఖణం పరమౌషధం” అని చిన్ననాటినుండి విన్న మాట జ్ఞాపకం వచ్చి అన్నం మానివేశాను. నీళ్లు తాగితే మళ్లీ విరేచనమవుతుందన్న భయంతో నీళ్లూ తగ్గించాను. రెండవనాటి సాయంత్రం మెట్లు దిగుతూ కళ్లు తిరిగి కూలబడిపోయాను. నన్ను పరీక్షించిన వైద్యుడు, “ఇది జబ్బు వలన వచ్చిన నీరసం కాదు, నీరు లేకపోవడం వలన వచ్చినది” అన్నాడు. ఇంటి యజమానురాలు, పంజాబీ వృద్ధురాలు, ఆ రాత్రి ఒక గిన్నెడు పలుచని పెసరపప్పు ఖిచిడీ తెచ్చి పెట్టి, “బేటా, నాలుగు రోజులు పరహేజ్ పాటించు” అన్నది.

‘పరహేజ్’ అన్న మాటను తెలుగులోకి ‘పథ్యం’ అని అనువదిస్తాము. అయితే రెండింటికీ కొంత భేదమున్నది. పరహేజ్ అంటే మానుకోవడం. పథ్యం అంటే మార్గానికి అనుకూలమైనది, అనగా శరీరానికి హితమైనది. ఒక మాట ఏమి తినకూడదో చెబుతుంది, రెండవది ఏమి తినాలో చెబుతుంది. కడుపు చెడినప్పుడు మనలో అనేకులు మొదటిదానిని పాటించి రెండవదానిని మరచిపోతారు. నేను చేసిన పొరపాటూ అదే.

మొదట నీరు, పిమ్మట అన్నం

విరేచనాలలో శరీరం కోల్పోయేది నీరొక్కటే కాదు; సోడియం, పొటాషియం మొదలైన లవణాలు కూడా దానితోబాటే పోతాయి. ఉత్త నీరు తాగితే ఈ లోటు పూర్తిగా తీరదు. చిన్నప్రేవుల గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ జతగా లోపలికి తీసుకునే ఏర్పాటు ఒకటి ఉన్నది. ఆ రెండూ లోపలికి పోతున్నప్పుడు నీరు వాటిని అనుసరిస్తుంది. విరేచనాలు సాగుతున్నప్పుడు కూడా ఈ ఏర్పాటు చాలవరకు పనిచేస్తూనే ఉంటుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీటికి అంతటి శక్తి రావడానికి కారణం ఇదే.

ఈ సూత్రానికి మన దేశంలోనే గొప్ప పరీక్ష జరిగింది. 1971లో తూర్పు బెంగాల్ నుండి తరలివచ్చిన కాందిశీకుల శిబిరాలలో కలరా చెలరేగినప్పుడు, బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ నరాలకు ఎక్కించే సెలైను చాలక, ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణాన్ని రోగులకు నోటి ద్వారా తాగించాడు. మరణాలు సుమారు 30 శాతం నుండి 4 శాతంలోపునకు తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశాడు. 2023లో ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. మందుల దుకాణాలలోను, ఆరోగ్య కేంద్రాలలోను దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ అనుభవపు ఫలమే.

పొట్లాన్ని దానిమీద ముద్రించినంత శుభ్రమైన నీటిలోనే కలపాలి. తక్కువ నీటిలో కలిపితే ఉప్పు అధికమై హాని చేస్తుంది. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చును. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. గోపురంగా కాక, అంచుకు సమంగా కొలవాలి. రెండేళ్లలోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. వాంతి అవుతుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఎన్నడూ ఆపరాదు. ఈ ద్రావణంతోబాటు పిల్లలకు 10 నుండి 14 రోజుల వరకు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మోతాదును వైద్యుడో ఆరోగ్య కార్యకర్తో చెబుతారు.

కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలంగా ఉన్నా సోడియం తక్కువ. కనుక అవి తోడుగా పనికివస్తాయి గాని ద్రావణానికి బదులు కావు. సీసాలలో అమ్మే తీపి పానీయాలలోని అధికమైన చక్కెర నీటిని ప్రేవులలోకి లాగి విరేచనాలను పెంచుతుంది.

చప్పిడి తిండి ఎందుకు?

వాంతులు తగ్గి ఆకలి తిరిగి రాగానే తినడం మొదలుపెట్టాలి. పేగుల లోపలి పొరలోని కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తవిగా మారుతుంటాయి. ఆ పునర్నిర్మాణానికి ఆహారం కావాలి. రోజుల తరబడి పస్తుంటే ఆ పని మందగిస్తుంది. అయితే దెబ్బతిన్న పొర మీద అధిక భారం మోపకూడదు. చప్పిడి తిండి ఉద్దేశమింతే.

నూనె, నెయ్యి అధికమైతే ఆహారం జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలిచి వికారం కలిగిస్తుంది. మిరపకారం పేగులను మండిస్తుంది. కాఫీలోని కెఫీన్ వాటి కదలికను పెంచుతుంది. పచ్చికూరలు, పొట్టు తీయని పప్పులు వాయువును పుట్టిస్తాయి. పాల సంగతి వేరు. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైము పేగుపొర అంచున ఉంటుంది. జబ్బులో అది కొంతకాలం తగ్గిపోవచ్చును. అందువలన కొందరు పెద్దలకు కొద్ది రోజులు పాలు పడవు. పెరుగులో ఆ చక్కెరను సూక్ష్మజీవులు ముందే కొంత వాడుకుంటాయి కాబట్టి పలుచని మజ్జిగ ఇముడుతుంది.

బియ్యం ఈ పనికి తగిన ధాన్యం. దాని పిండిపదార్థం చిన్నప్రేవులలోనే దాదాపు పూర్తిగా జీర్ణమవుతుంది. వాయువును అంతగా పుట్టించదు. అరటిపండు పోయిన పొటాషియాన్ని తిరిగి ఇస్తుంది. దానిలోని పెక్టిన్ నీటిని పట్టి ఉంచుతుంది. పొట్టుతీసిన పెసరపప్పు మెత్తగా ఉడికి తేలికగా మాంసకృత్తులను అందిస్తుంది.

ఒకే పథ్యం, అనేక పేర్లు

సత్య నికేతన్‌లోని ఆ గదుల తలుపులు తట్టి, “మీ ఇంట కడుపు చెడితే ఏమి పెడతారు?” అని అడిగితే జవాబులు వేర్వేరు భాషలలో వస్తాయి గాని వంటకం ఇంచుమించు ఒక్కటే. కేరళవారు కంజి అంటారు, మనము గంజి అంటాము. ఇంగ్లీషులోని ‘కాంజీ’ అన్న మాటకు మూలం తమిళ పదమే. ఉత్తరాదివారు పెసరపప్పు ఖిచిడీ, పెరుగన్నం, సొరకాయ కూర పెడతారు. బెంగాలీలు నానబెట్టిన అటుకులలో పెరుగు కలుపుతారు. తెలుగింట మెత్తని అన్నంలో పెసరకట్టు, మిరపకాయ లేని చారు, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, సగ్గుబియ్యపు జావ ఉంటాయి. ఆయుర్వేదంలో శోధన చికిత్స తరువాత మండం, పేయ, విలేపి అనే వరుసలో, అనగా గంజితేట నుండి క్రమంగా చిక్కనైన జావకు రోగిని నడిపించే పద్ధతి ఉన్నది. ‘లంఖణం’ అనే మాటకు మూలమైన ‘లంఘనం’ శరీరాన్ని తేలికపరచడాన్ని సూచిస్తుంది. ఉపవాసం దానిలో ఒక విధం మాత్రమే.

పెద్దలకు క్రమం ఇలా ఉండవచ్చును. మొదటి పూట ద్రావణం, ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ. ఆకలి కాగానే మెత్తని అన్నం, పెసరకట్టు, అరటిపండు, ఇడ్లీ. మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారు చిన్న భోజనాలు. మరుసటి రోజున ఉడికించిన బీరకాయ, సొరకాయ, బంగాళాదుంప; తినేవారికి ఉడికించిన గుడ్డు. రెండు మూడు రోజులలో మామూలు భోజనానికి రావాలి. అరటిపండు, అన్నం, ఆపిల్, రొట్టె మాత్రమే పెట్టాలనే నియమం పాశ్చాత్య దేశాలలో చాలాకాలం చెలామణి అయింది. దానిలో మాంసకృత్తులు, కొవ్వు చాలవని, పిల్లలను దానికే పరిమితం చేయవద్దని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. పథ్యం ఒక వంతెన వంటిది. దాని మీదనే కాపురముండరాదు.

గంజి, అన్నం అప్పటికప్పుడు వండుకోవాలి. వెచ్చని గదిలో గంటల తరబడి నిలువ ఉంచిన అన్నంలో పెరిగే కొన్ని సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడిచేసినా నశించదు.

పథ్యం చాలని వేళ

ఈ సందర్భంలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావును స్మరించుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన ఇద్దరు సోదరులను స్ప్రూ అనే ప్రేవుల వ్యాధి బలిగొన్నది. ఆయనకూ అదే వ్యాధి సోకింది. తిన్నది వంటబట్టనీయక మనిషిని శుష్కింపజేసే జబ్బు అది. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ చికిత్సకు ఉపకరించింది. అటువంటి జబ్బులు గంజితో నయమయ్యేవి కావని ఆ కుటుంబ చరిత్ర చెబుతున్నది.

కాబట్టి మలంలో రక్తం కనిపించినా, తీవ్రమైన జ్వరం వచ్చినా, తాగినది నిలువకపోయినా, మూత్రం బాగా తగ్గినా, కళ్లు గుంటలు పడి మగత కమ్మినా, పెద్దలలో రెండు రోజులకు తగ్గుముఖం పట్టకపోయినా ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు, మధుమేహ రోగుల విషయంలో అంతవరకు కూడా వేచి ఉండరాదు.

ఇంటికి దూరంగా వసతిగృహాలలో ఉండే విద్యార్థులు ఒక గుప్పెడు పెసరపప్పు, కొద్దిగా బియ్యం, రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు గదిలో ఉంచుకోవడం మంచిది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పక్క గదివాడు రెండు పూటలు భోజనశాలకు రాకపోతే తలుపు తట్టి చూడాలి. అతని భాష మనకు రాకపోవచ్చును. ఒక గిన్నెడు వేడి గంజిని అర్థం చేసుకోవడానికి ఏ అనువాదమూ అవసరం లేదు.