ఇంటర్మీడియట్ అర్థశాస్త్ర బోధన – మొగుడంపల్లి సేద్య నేపథ్యం

తెలంగాణలో ఇంటర్మీడియట్ సి.ఇ.సి., హెచ్.ఇ.సి., ఎం.ఇ.సి. విభాగాలన్నింటిలోనూ అర్థశాస్త్రం ప్రధాన పాఠ్యాంశం. తెలుగు మాధ్యమ విద్యార్థికి ఈ శాస్త్రం 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల పరిభాషలో పరిచయమవుతుంది. 'ఉపాంత ప్రయోజనం', 'వ్యాకోచత్వం', 'అవకాశ వ్యయం' కచ్చితమైన పదాలే. అయితే వాటి వెనుక ఉన్న అనుభవం కళ్ళముందు నిలవనంతకాలం నిర్వచనం కంఠస్థ పాఠంగానే మిగిలిపోతుంది. సంగారెడ్డి జిల్లా మొగుడంపల్లి సేద్యం ఆధారంగా ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

జహీరాబాదు ప్రాంతంలో కర్ణాటక సరిహద్దున ఉన్న మొగుడంపల్లి 2016లో మండల కేంద్రమైంది. తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలు కలిసి వినిపించే ఈ ప్రాంతంలో ఒకవైపు చెరకు, మరొకవైపు జొన్న, కంది వంటి మెట్టపంటలు సాగవుతాయి.

ప్రత్యామ్నాయ ప్రయోజనాలున్న పరిమిత సాధనాల వినియోగాన్ని పరిశీలించేదే అర్థశాస్త్రమని లయొనెల్ రాబిన్స్ 1932లో నిర్వచించాడు. బోరుబావి నీరు అటువంటి సాధనమే. నీరున్న చెలకలో చెరకు నాటిన రైతు అదే నేలలో పండగల కందినో, జొన్ననూ దాని చొప్పనూ కలిపియో వదులుకుంటాడు. అలా వదులుకున్న వాటిలో అత్యుత్తమమైన దాని విలువే అవకాశ వ్యయం.

1890లో వెలువడిన గ్రంథంలో ఆల్ఫ్రెడ్ మార్షల్ ధర నిర్ణయంలో కాలవ్యవధి పాత్రను వివరించాడు. కోసిన చెరకు ఆలస్యమైన కొద్దీ బరువునూ చక్కెర శాతాన్నీ కోల్పోతుంది. కనుక మంచి ధర కోసం రైతు వేచి ఉండలేడు. కేంద్ర ప్రభుత్వం చెరకుకు కనీస ధర ప్రకటించడానికి ఈ బేరమాడలేని స్థితి ఒక ముఖ్యకారణం. జొన్నను నిల్వ ఉంచవచ్చు. సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు గ్రామాల్లో జొన్నలు సేకరించి, నిల్వచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించగలగడానికి ఈ గుణమే ఆధారం. త్వరగా పాడయ్యే వస్తువులకూ, నిల్వ ఉండే వస్తువులకూ అతి స్వల్పకాలంలో సప్లయ్ భిన్నంగా ఉంటుందన్న సూత్రానికి ఇంతకన్నా చేరువైన ఉదాహరణ ఈ విద్యార్థికి దొరకదు.

స్థానిక ఉదాహరణ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయం కాదు. ఒక ఊరి అనుభవాన్ని మరొక ఊరితో పోల్చి చూడడానికి పరిభాష తప్పనిసరి. మార్చవలసింది బోధనా క్రమాన్ని. ముందు రైతు ఎదుర్కొనే ఎంపికను విద్యార్థుల ముందుంచి, వారిచేత లెక్క కట్టించి, ఆ తరువాతే పారిభాషిక పదాన్ని పరిచయం చేయాలి. అప్పుడు తాను ఇంట్లో విన్న చర్చకే శాస్త్రంలో ఒక పేరున్నదని విద్యార్థి గ్రహిస్తాడు. ప్రశ్నపత్రం కూడా నిర్వచనాన్ని మాత్రమే గాక దాని అన్వయాన్ని అడిగినప్పుడే ఈ మార్పు తరగతి గదిలో నిలుస్తుంది.