పెక్కు భాగముల ఫారమును సీ భాషలో విప్పుట

గడచిన ప్రవేశకాలమున మా పాఠశాలలో చేరగోరు బాలబాలికల తల్లిదండ్రులు పలువురు తమ దరఖాస్తులను ఇంటినుండియే కంప్యూటరు ద్వారా పంపిరి. పేరు, ఊరు, పుట్టిన తేదీ యను వానితోపాటు ఒక ఛాయాచిత్రమును జతపరుపవలసి యుండెను. వానిని స్వీకరించు ప్రోగ్రామును మేమును, పై తరగతుల విద్యార్థులు కొందరును కలిసి సీ భాషలో వ్రాసితిమి. మొదటి దినమున పేర్లన్నియు చక్కగా వచ్చినవి. ఛాయాచిత్రములలో మాత్రము ఒక్కటియు తెరచుకొనలేదు. పరీక్షింపగా ప్రతి చిత్రమునందును నాలుగే బైట్లు నిలిచియుండెను. ఆ నాలుగు బైట్ల సంగతిని విద్యార్థులకును, తమ పిల్లలు సాయంకాలము వరకు కంప్యూటరు ముందర నేమి చేసిరని యడిగిన తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

బ్రౌజరు ఫారమునంతటిని సర్వరునకు ఒకే ప్రవాహముగా పంపును. చిన్న చిన్న మాటలు మాత్రమే యున్నచో పాత పద్ధతియే చాలును. కాని యందు ఆంగ్లాక్షరములును అంకెలును కాని బైట్లలో దాదాపు ప్రతిదానిని మూడేసి గుర్తులుగా మార్చి వ్రాయవలెను. ఛాయాచిత్రమునకు ఇది మోయరాని బరువు. కావున 1995వ సంవత్సరమున జిరాక్సు సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ అను నిరువురు ఫారముతో ఫైళ్లను పంపుటకు వేరొక పద్ధతిని ప్రతిపాదించిరి. దానినే మల్టీపార్టు ఫారం డేటా యందురు. 2015లో ఆ మాసింటరే దాని నియమములను సవరించి మరల వ్రాసెను.

ఈ పద్ధతిలో బ్రౌజరు ముందుగా ఒక హద్దుమాటను కల్పించుకొని, దానిని సర్వరునకు తెలుపును. ఆ మాట 70 అక్షరములకు మించరాదు. పంపబోవు సరకులో నెక్కడను ఉండరాదు. ప్రతి భాగమునకు ముందొక పంక్తిలో రెండు అడ్డుగీతలును, వాని వెంట హద్దుమాటయు నుండును. పిమ్మట ఆ భాగపు పేరును తెలుపు చిన్న శీర్షికలు, ఒక ఖాళీ పంక్తి, ఆపైన అసలు సరకు. కట్టకడపటి హద్దునకు వెనుక కూడ రెండు గీతలుండును. ఏ భాగము ఎంత పొడవో సాధారణముగా వ్రాసియుండదు. హద్దు కనబడువరకు చదువుకొనుచు పోవలసినదే. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

సీ భాషలో మాటల వరుస యెక్కడ ముగియునో తెలుపుటకు సున్న విలువగల బైటును గుర్తుగా నుంచుదురు. స్ట్ర్‌లెన్ మొదలగు సాధనములు ఆ సున్నను చూడగానే నిలిచిపోవును. మాకు వచ్చిన జేపెగు చిత్రములో మొదటి బైట్లు 255, 216, 255, 224, ఐదవది 0. మా ప్రోగ్రాము అచ్చటనే చిత్రము ముగిసినదని తలచెను! పేర్లలో సున్న యుండదు గనుక అవి క్షేమముగా వచ్చినవి. అంతట మేము ఆ సాధనములను విడిచి, ఎన్ని బైట్లు పోల్చవలెనో మనమే లెక్కచెప్పు మెమ్‌కంప్ వంటి వానిని చేపట్టితిమి.

చిత్రములు తెరచుకొనినవి. అయినను మరునాడొక బాలిక చిత్రము వెనుక ఆమె తల్లి పేరు అతుకుకొని వచ్చి, తల్లి పేరుండవలసిన గడి ఖాళీగా కనబడెను. దీనికి కారణము కనుగొనుటకు మాకు రెండు దినములు పట్టినది. ప్రవాహమును మేము 4096 బైట్ల చొప్పున చదువుచుంటిమి. హద్దులో సగము ఒక విడతయందును, తక్కిన సగము మరు విడతయందును పడినది. ఏ విడతలోను పూర్తి హద్దు లేనందున ప్రోగ్రాము దానిని గుర్తింపక దాటిపోయెను. దీనికి మందు సులభమే. హద్దుమాట 36 అక్షరములైనచో, ముందరి పంక్తిముగింపు గుర్తులు రెండును, అడ్డుగీతలు రెండును చేరి 40 బైట్లగును. ప్రతి విడతలోను చివరి 39 బైట్లను అప్పుడే వ్రాసివేయక చేతనుంచుకొని, మరు విడతతో కలిపి వెదకవలెను. ఆ పంక్తిముగింపు గుర్తులు హద్దునకు చెందినవే గాని చిత్రమునకు చెందినవి కావు; దీనిని మరచినచో ప్రతి చిత్రమునకును రెండు బైట్లు అదనముగా చేరును.

ఇంతవరకు చెప్పినవి మా సరకును పాడుచేయు తప్పులు. ఇకమీదిది అంతకంటె అపాయకరమైనది. సీ భాష మనము కేటాయించిన చోటునకు కావలి కాయదు. మా విద్యార్థి యొకడు పేరునకు 40 బైట్లు చాలునని వ్రాసెను. వేంకటసుబ్బారావు అను పేరునకు ఆంగ్లలిపిలో 15 బైట్లు చాలును. తెలుగులిపిలో ప్రతి గుర్తునకును మూడేసి చొప్పున 45 కావలెను. మిగిలిన అయిదు బైట్లు ప్రక్కనున్న మరియొకదాని చోటిని త్రొక్కివేయును. పొరపాటుగా జరిగినప్పుడే యిది హాని. ఎవడైన కావలెనని అట్టి ఫారమును అల్లి పంపినచో ఏమగును? సీ భాషలో నిర్మింపబడిన పీహెచ్‌పీకి 2002 ఫిబ్రవరిలో ఈ యనుభవమే కలిగినది. సరిగా ఈ ఫారములను విప్పు భాగమునందే, కేటాయించిన చోటు దాటి వ్రాయు దోషములు బయటపడెను. దూరముననున్న అపరిచితుడు ఒక ఫారమును పంపి ఆ సర్వరుమీద తన యాజ్ఞలను నడిపింపగల స్థితి యేర్పడెను.

కావున హద్దుమాట 70 అక్షరములు దాటినను, శీర్షికలు మేము పెట్టిన మేర దాటినను, మా ప్రోగ్రాము ఆ దరఖాస్తును త్రిప్పి పంపును. చిత్రముతో వచ్చిన ఫైలు పేరును మేము వాడనే వాడము. దానిలో చుక్కలును ఏటవాలు గీతలును చేర్చి వేరొక ఫైలును చెరిపింపజూచువారు కలరు. దరఖాస్తు సంఖ్యనే పేరుగా పెట్టుచున్నాము.

ఇప్పుడు మా విద్యార్థులు ప్రతి మార్పు తరువాతను ఒకే ఫారమును రెండు విధముల పంపి చూచుచున్నారు: ఒకసారి మొత్తముగా, మరియొకసారి ఒక్కొక్క బైటు చొప్పున. రెండుసార్లును వచ్చిన చిత్రములను బైటునకు బైటు పోల్చి, ఒక్కటి తేడా పడినను ఆ మార్పును తీసివేయుచున్నారు.