హెర్నియా ఆపరేషను తరువాత

ధాన్యపు బస్తాలు మోయువారు, చెరువు మట్టి తట్టల కెత్తువారు, రాళ్లు కొట్టువారు, మగ్గము నేయువారు: ఏ గ్రామమున చూచినను వీరిలో గజ్జయందు ఉబ్బుతో బాధపడువారు కొందరుందురు. దీనిని కొన్ని ప్రాంతములలో గిలక యనియు, కొన్నిట పేగు జారుట యనియు చెప్పుదురు. ఆయుర్వేదమున దీనికి ఆంత్రవృద్ధి యని పేరు. ఆసుపత్రిలో హెర్నియా యందురు. వృషణముల సంచిలో నీరు చేరుటచే వచ్చు వరిబీజము, అనగా బుడ్డ, దీనికంటె వేరైన వ్యాధి.

హెర్నియా మందులతో నయము కాదనియు, ఆపరేషనుతోనే సరియగుననియు ఇప్పుడు చాలమందికి తెలియును. కాని ఆపరేషను జరిగి ఇంటికి వచ్చిన పిమ్మట రోగి ఎట్లు మెలగవలెనో తెలిసినవారు తక్కువ. ఒక ఇంట ఆరు మాసములు మంచము దిగనీయరు. మరియొక ఇంట పదవ దినముననే బస్తా ఎత్తింతురు. గాయము పైకి మానిన పిమ్మటను నొప్పి యున్నదని రోగి చెప్పినచో, దానిని సోమరితనముగా భావింతురు. ఈ మూడును పొరపాట్లే. మొదటి దానిచే శరీరము చెడును. రెండవ దానిచే చికిత్స చెడవచ్చును. మూడవ దానిచే, నయము చేయదగిన బాధను మనిషి ఏండ్ల తరబడి మోయవలసి వచ్చును.

ఆపరేషను తరువాత వచ్చు నొప్పి మూడు విధములు. గాయము మానునప్పటి నొప్పి మొదటిది. గాయము మానిన పిదపను నిలిచిపోవు నొప్పి రెండవది. ప్రమాదమును సూచించు నొప్పి మూడవది. ఏది ఏదో గుర్తెరుగుటయే ఈ విషయమున ముఖ్యము.

ఆపరేషనులో ఏమి చేయుదురు?

కడుపు గోడ కండరములతోను, వానిని కప్పిన దృఢమైన పొరలతోను ఏర్పడినది. గజ్జవద్ద ఆ గోడలో ఏటవాలుగా నొక సన్నని మార్గము కలదు. పురుషులలో వృషణమునకు పోవు రక్తనాళములును, వీర్యనాళమును ఈ మార్గముననే సాగును. అచ్చట గోడ బలహీనపడినప్పుడు కడుపులోని క్రొవ్వుగాని, పేగుగాని వెలుపలికి పొడుచుకొని వచ్చును. అందుచేతనే ఈ వ్యాధి స్త్రీలలోకంటె పురుషులలో మెండు. 2018లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకముల ప్రకారము, జీవితకాలములో నూరుగురు పురుషులలో 27 మొదలు 43 మందికిని, నూరుగురు స్త్రీలలో 3 మొదలు 6 గురికిని గజ్జ హెర్నియా వచ్చును. ప్రపంచమున ఏటేట 2 కోట్లకు పైగా ఇట్టి ఆపరేషనులు జరుగుచున్నవి. కాబట్టి ఇది సిగ్గుపడి దాచుకొనవలసిన వ్యాధి కాదు.

ఇటలీ దేశమున పాదువా నగరమునకు చెందిన ఎదువార్దో బస్సీనీ అను శస్త్రవైద్యుడు 19వ శతాబ్ది చివరి భాగమున ఈ గోడను పొరలుగా కుట్టి బలపరచు పద్ధతిని నెలకొల్పెను. ఆ పద్ధతిలో కుట్లు కండరమును బిగలాగి పట్టి యుంచును. 1980 తరువాత అమెరికాలో ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ అను వైద్యుడు బలహీనమైన చోట పాలీప్రొపిలీన్ దారముతో అల్లిన వలను పరచి కుట్టు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. ఇందులో గోడను బిగలాగుట లేదు. వల కన్నులగుండా శరీరములోని కండ పెరిగి, ఆ వలను తనలో కలుపుకొని గట్టిపడును. ఇప్పుడు చిన్న గాట్లు మాత్రము పెట్టి, లాపరోస్కోపు సాయమున లోపలి వైపునుండియు వలను అమర్చుచున్నారు.

శరీరములో పరాయి వస్తువు ఉన్నందున నొప్పి పోదేమోయని కొందరు భయపడుదురు. వల వేసినవారికి, వేయనివారికంటె ఎక్కువ కాలము నొప్పి నిలుచునని రుజువు కాలేదు. వ్యాధి తిరుగబెట్టుట మాత్రము వలవలన తగ్గినది. చౌక వల వేసినందుననే నొప్పి వచ్చినదని అనుకొనుటయు తగదు. మహారాష్ట్రలోని దొండాయిచా అను ఊరిలో డాక్టరు రవీంద్రనాథ్ టొణగావ్‌కర్, ప్రత్యేకముగా శుద్ధిచేసిన దోమతెర గుడ్డను వలగా వాడి, సహచరులతో కూడి 2003లో ఫలితములను ప్రకటించెను. ఉగాండా దేశమున 302 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితములు 2016లో వెలువడినవి. అందు చౌక వల వేసినవారికిని, ఖరీదైన వల వేసినవారికిని ఏడాది తరువాత స్థితి ఇంచుమించు సమానముగా నుండెను.

మొదటి ఆరు వారములు

ఆపరేషను జరిగిన నాటి సాయంకాలమో, మరునాడో రోగి లేచి నడువవలెను. కెనడాలో ఎర్ల్ షోల్డైస్ అను వైద్యుడు 1945లో టొరంటో నగరమున నెలకొల్పిన హెర్నియా ఆసుపత్రి, రోగులను వెంటనే నడిపించుటకు ప్రసిద్ధి కెక్కినది. నడచుటవలన కాళ్లలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము తగ్గును; మలబద్ధము రాదు; ధైర్యము కలుగును. నడచినంత మాత్రమున కుట్లు తెగవు.

మంచముమీదినుండి తిన్నగా లేవక, ప్రక్కకు ఒత్తిగిలి, మోచేతిపై ఆని లేచినచో గాయమునకు లాగుడు తక్కువగా నుండును. దగ్గునప్పుడు, తుమ్మునప్పుడు అరచేతితోగాని చిన్న దిండుతోగాని గాయమును మెల్లగా అదిమి పట్టుకొనవలెను. మొదటి దినములలో వైద్యుడు వ్రాసిన నొప్పి మాత్రలను వేళకు వేసికొనుట మంచిది. కాని దుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పి మాత్రలను వారముల తరబడి మ్రింగరాదు. వానిలో కొన్ని కడుపులో పుండు కలిగించును; మూత్రపిండములను చెరచును.

ఈ కాలమున కనబడు కొన్ని మార్పులు భయపడదగినవి కావు. గాయము చుట్టును, వృషణముల సంచిపైనను చర్మము నల్లబడి, రెండు మూడు వారములలో మామూలు రంగునకు వచ్చును. గాయము క్రింద త్రాడువలె గట్టిదనము చేతికి తగులును. అది లోపల మానుచున్నదనుటకు గుర్తు, క్రమముగా మెత్తబడును. వెనుక ఉబ్బు ఉన్నచోటనే కొందరికి నీరు చేరి మరల ఉబ్బినట్లుండును. వ్యాధి తిరుగబెట్టెనని వెంటనే దిగులు చెందక వైద్యునికి చూపవలెను. సామాన్యముగా ఆ నీరు కొన్ని వారములలో దానంతట అదియే ఇంకిపోవును. సంచి వాచినచో లంగోటా కట్టుకొనుట హాయిగా నుండును.

పని విషయమున వైద్యుడు చెప్పిన గడువే ప్రమాణము. సామాన్యముగా మొదటి వారమున నడక, సొంత పనులు చేసికొనవచ్చును. నొప్పి తగ్గిన కొలది కూర్చుండి చేయు పనులు, వ్రాతపని, దుకాణపు పని చేయవచ్చును. బస్తాలు మోయుట, మట్టి త్రవ్వుట, నిండు బిందెలు ఎత్తుట వంటి బరువు పనులకు నాలుగు మొదలు ఆరు వారములు ఆగుట మేలు. పిమ్మటను ఒక్కసారిగా కాక, కొద్ది బరువుతో మొదలుపెట్టి పెంచవలెను. సైకిలు, మోటారు సైకిలు నడుపువారు నొప్పి లేక గట్టిగా బ్రేకు త్రొక్కగలిగిన పిదపనే వాని నెక్కవలెను.

ఇది కుటుంబ నియంత్రణ ఆపరేషను కాదు. దీనివలన మగతనము పోవునను భయము తగదు. నొప్పి తగ్గిన పిదప దాంపత్య జీవనమును యథాప్రకారము సాగించవచ్చును.

పథ్యమును గూర్చి

పప్పు తిన్నచో గాయము చీము పట్టుననియు, నీరు త్రాగినచో గాయము నీరూరుననియు గ్రామములలో నొక నమ్మకము కలదు. ఇది సరికాదు. చిరిగిన కండ తిరిగి పెరుగుటకు పప్పు, గ్రుడ్డు, పాలు, చేప వంటి మాంసకృత్తులు గల ఆహారము అవసరము. ఆకుకూరలు, పండ్లు, చాలినంత నీరు తీసికొన్నచో విరేచనము సులభమగును. ముక్కుట గాయమునకు చేటు. బీడీ, చుట్ట త్రాగువారు మానవలెను. పొగవలన గాయము చీము పట్టుటయు, వ్యాధి తిరుగబెట్టుటయు హెచ్చును. గాయముపై ఆకు పసరు, పేడ, బూడిద పూయరాదు.

నిలిచిపోవు నొప్పి

మూడు మాసములు గడచినను నిత్యకృత్యములకు అడ్డుతగులు నొప్పి ఉన్నచో దానిని దీర్ఘకాలపు నొప్పి యందురు. పైన పేర్కొన్న మార్గదర్శకముల ప్రకారము, ఆపరేషను చేయించుకొన్న నూరుగురిలో 10 మొదలు 12 మందికి చెప్పుకోదగిన నొప్పి నిలుచును. కాలము గడచినకొలది వీరి సంఖ్య తగ్గును. పనికి పోలేనంత నొప్పి గలవారు నూరింట ఆరుగురికి మించరు. ఆపరేషనుకు ముందే మిక్కిలి నొప్పి ఉన్నవారికిని, వయస్సున చిన్నవారికిని, తిరుగబెట్టిన హెర్నియాకు రెండవసారి ఆపరేషను జరిగినవారికిని ఇది ఎక్కువగా కలుగును.

దీనికి కారణము కల్పితము కాదు. గజ్జగుండా మూడు సన్నని నరములు పోవును. అవి గాటువలన దెబ్బతినవచ్చును, కుట్టులో చిక్కవచ్చును, మచ్చ గట్టిపడునప్పుడు ఒరిపిడికి లోనుకావచ్చును. నరపు నొప్పి మంటగాను, సూదులు గ్రుచ్చినట్లును, మెరుపువలె తొడకుగాని వృషణమునకుగాని ప్రాకునట్లును ఉండును. బట్ట తగిలినను సహింపలేనివారు కలరు. మరికొందరికి చర్మము మొద్దుబారును. మొద్దుబారుట మాత్రమే అయినచో హాని లేదు. కాని అట్టి చర్మముపై వేడి ఇటుకతో కాపడము పెట్టరాదు. స్పర్శ తెలియక చర్మము కాలి బొబ్బలెక్కును.

ఇట్టివారు ఆపరేషను కాగితములు తీసికొని శస్త్రవైద్యునివద్దకు మరల పోవలెను. వ్యాధి తిరుగబెట్టెనా, చీము చేరెనా, నడుము లేక తుంటి కీలువలన వచ్చు నొప్పియా యని ఆయన ముందుగా పరీక్షించును. నరపు నొప్పికి ప్రత్యేకమైన మందులు కలవు. నరముచుట్టు మత్తుమందు సూది వేయుట, క్రమమైన వ్యాయామము కొందరికి ఉపశమనము నిచ్చును. ఇవి యేవియు పనిచేయనప్పుడు మాత్రమే, అనుభవజ్ఞులైన వైద్యులు నరమును కత్తిరించుటనుగూర్చిగాని, వలను తీయుటనుగూర్చిగాని ఆలోచింతురు. ఊరిలో తాత్కాలికముగా నొప్పి అణచు సూదులు మాటిమాటికి వేయించుకొనుటచే కాలమును, ధనమును వ్యర్థమగును. అసలు కారణము తెలియదు.

వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన గుర్తులు

జ్వరము వచ్చుట, గాయము ఎర్రబడి వేడెక్కి నొప్పి దినదినము హెచ్చుట, చీము కారుట; గజ్జలో గట్టి ఉబ్బు లేచి లోపలికి పోక, వాంతులగుట; మూత్రము బంధించుట; వృషణము వాచి తీవ్రమైన నొప్పి పుట్టుట; ఒక కాలి పిక్క వాచుట, ఎగశ్వాస పుట్టుట. వీనిలో ఏది కనబడినను తెల్లవారనిమ్మని ఆగరాదు. 108కి ఫోను చేసి రోగిని పంపవలెను. పేగు బిగిసి నెత్తురు ఆడనిచో గంటలలోనే ప్రాణాపాయము సంభవింపవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ఈ విషయమున పంచాయతీ సభ్యుల సాయము ఎంతయో అవసరము. కూలివానికి ఆరు వారములు కూలి లేకుండుట సామాన్యమైన కష్టము కాదు. ఆ కష్టమునకు తాళలేకనే అతడు పదవనాడు బస్తా ఎత్తుచున్నాడు. ప్రమాద సూచనలు లేని హెర్నియా అయినచో, వైద్యుని సలహాతో, వ్యవసాయపు పనులు తక్కువగా ఉండు కాలమున ఆపరేషను చేయించుకొనునట్లు చూడవలెను. గ్రామమున జరుగు పనులలో నీరందించుట, హాజరు వ్రాయుట, కావలి కాయుట వంటి తేలిక పనులను ఇట్టివారికి ఇప్పింప యత్నింపవలెను.

ఖర్చు విషయమున ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స లభించునో ముందుగా విచారించుకొనుట మంచిది. విడువని దగ్గు గలవారు, మూత్రము ధారాళముగా రాని వృద్ధులు ఆ బాధలకు ముందుగా చికిత్స పొందవలెనని తెలుపవలెను. ఆపరేషనైన వారి ఇంటికి ఆశా కార్యకర్తగాని, ఏ.ఎన్.ఎం.గాని మొదటి వారమున ఒకసారి, ఆరవ వారమున ఒకసారి, మూడు మాసములు నిండినప్పుడు మరియొకసారి పోయి విచారించునట్లు ఏర్పాటు చేసినచో ఏ నొప్పియు ఎవరికిని తెలియక మిగిలిపోదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మూడు మాసముల తరువాతను నొప్పి యున్నదని ఒకడు చెప్పినప్పుడు, రచ్చబండవద్ద అతనిని చూచి నవ్వకుండుట. అతని మాట నమ్మి, తోడుగా నొకరిని ఇచ్చి ఆసుపత్రికి పంపుట. ఇందులకు నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. గ్రామ పెద్దలు తలచుకొన్న చాలును. పనిచేయు చేతులు పదికాలములు చల్లగా నున్ననే గ్రామమునకు బలము.